ఉల్టా పరీక్ష

నర్సమ్మ తల వెనక్కి వంచమని కంట్లో చుక్కలు వేసింది. ముందు చురుక్కుమంది. కాసేపటికి, ఏ దారిన దిగిందో తెలియదు గానీ, గొంతులో చేదు తగిలింది. కంటికి వేసిన మందు నాలుకకు తెలియడం నాకెప్పుడూ వింతే. "అరగంట కళ్ళు మూసుకుని కూర్చోండి సార్, ఫోన్ చూడొద్దు" అని ఆవిడ వెళ్ళిపోయింది. పద్మారావు నగర్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న కంటి ఆసుపత్రిలో, స్టీలు బెంచీ మీద, ఫోను చూడకుండా అరగంట కూర్చోవడం నలభైకి దగ్గరపడిన నాకు కొత్త శిక్ష. చూడడానికి ముందర ఏమీ లేనప్పుడు మనిషి వెనక్కి చూస్తాడు. చేదు దిగుతున్నంతసేపూ నాకు స్వరూప మేడమ్ గుర్తొచ్చారు.

ఆవిడను ఎరగని వాళ్ళకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియదు. మనిషి పొట్టి. నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. ఏ.ఎస్. రావు నగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా సర్క్యూట్ బోర్డులు పరీక్షించే సెక్షన్‌లో పనిచేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, కూతురి ఇంజనీరింగ్ పుస్తకాలు తాను కూడా చదివి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. కూతురు పాసయింది, ఈవిడ మాకు బాసయ్యారు. మా ఆఫీసు ఒక స్టేషనరీ దుకాణం పై అంతస్తులో మూడు గదులు; అందులో ఆరుగురం. బస్తీల్లో, పల్లెల్లో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు కంటి శిబిరాలు పెడతారు. అక్కడ తీసిన కంటి లోపలి పొర ఫోటోలు వేలల్లో మాకు వచ్చి పడేవి. ఏ కంట్లో సన్నటి రక్తపు చుక్కలున్నాయో చూసి, "వెంటనే డాక్టరుకు చూపించుకోండి" అనో "ఏడాది తర్వాత రండి" అనో మా ప్రోగ్రాం రిపోర్టు రాయాలి. అన్ని ఫోటోలూ ఒక్క కంప్యూటరుకిస్తే రెండు రోజులు నమిలేది. అందుకని క్లౌడ్‌లో, అంటే ఎక్కడో ఉన్న చిన్న చిన్న కంప్యూటర్లను వెయ్యింటిని కాసేపు అద్దెకు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో ఫోటో, అన్నింటికీ ఒకే చిన్న ప్రోగ్రాం ముక్క ఇచ్చేవాళ్ళం. ఆ ముక్కనే ఫంక్షన్ అంటాం. వెయ్యీ ఒకేసారి చూసి, వెయ్యి జవాబులు చెప్పి, ఎవరి దారిన అవి పోతాయి. నేను క్లౌడ్‌లో పనిచేస్తున్నానని చెప్పాక మా అమ్మ చాన్నాళ్ళు బట్టలు ఆరేసే ముందు వానొస్తుందా అని నన్నొక మాట అడిగేది.

చేరిన వారంలోనే నా మొదటి ఫంక్షన్ రాసి, నాలుగు పేజీలు అచ్చుతీసి ఆవిడ ముందు పెట్టాను. ఫోటో తెరిచేదీ అదే, శుభ్రం చేసేదీ అదే, చుక్కలు లెక్కపెట్టేదీ, రిపోర్టు రాసేదీ, ఆఖరికి ఫోన్లకు మెసేజి పంపేదీ అదే. ఆవిడ అద్దాలు పెట్టుకుని నిదానంగా పేజీలు తిప్పారు.

"ఏందయ్యా భాస్కర్ ఇది?"

"ఫంక్షన్ మేడమ్."

"ఇది ఫంక్షన్ గాదు, ఫంక్షన్ హాల్. పెండ్లి దీంట్లనే, భోజనాలు దీంట్లనే, బ్యాండోళ్ళు సుత దీంట్లనే ఉన్నరు."

గోడకున్న క్యాలెండరు నుంచి నిన్నటి తారీకు కాగితం చింపి, వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టారు. "ఒక్క పని. ఈ కాయితం ఎనక పట్టాలె. పట్టకపోతె రెండు పనులు జేస్తున్నవన్నట్టు." నేను బాగా ఆలోచించి, అక్షరాలు చిన్నవి చేసి పట్టించాను. ఆవిడ అది చూసి అద్దాలు తీసేశారు. "నాకు కనవడ్తలేదు" అని కాగితం వెనక్కిచ్చారు. అలా నాలుగు పేజీల పెళ్ళి ఏడు కాగితాలుగా విడిపోయింది. ఏ కాగితాన్ని తీసి చూసినా ఒక్క చూపులో అర్థమయ్యేది. నేను రాసింది నాకే అర్థమవడం అదే మొదలు.

రెండో నియమం ఇంకా కఠినమైనది. ఫంక్షన్ తనకిచ్చిన ఫోటో తప్ప మరి దేన్నీ చూడకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు, ఏదీ గుర్తుపెట్టుకోకూడదు. అదే ఫోటో ఎప్పుడిచ్చినా, ఎక్కడిచ్చినా, దేని తర్వాత ఇచ్చినా అదే జవాబు రావాలి. ఇంగ్లీషులో దాన్ని ప్యూర్ ఫంక్షన్ అంటారు. మా నానమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడల్లా తడిచీర కట్టుకుని, మమ్మల్నెవరినీ వంటింటి గడప తొక్కనివ్వకుండా వండడం చూసి పెరిగినవాణ్ణి. "అంటే మడి కట్టుకున్న ఫంక్షన్ అన్నమాట మేడమ్" అన్నాను, తెలివిగా అన్నాననుకుని.

ఆవిడ నవ్వలేదు. "మీ నానమ్మ మడి ఎదుటోళ్ళు తనకు తగలొద్దని. ఇది ఎదుటోళ్ళకు నువ్వు తగలొద్దని. శాన ఫరక్ ఉన్నది." ఆ వెంటనే, "టీ తాగుతవా?" అన్నారు. తాగాను. కొంచెం వేడిగానే తగిలింది.

ఫ్యాక్టరీలో ఒక బోర్డు పరీక్షించాక, పరీక్షించే పెట్టెలో మిగిలిన కరెంటును పూర్తిగా తీసేసి గానీ రెండో బోర్డు పెట్టనిచ్చేవారు కాదట. "ముందటి దాని కరెంటు అండ్ల మిగిలితె, మంచి బోర్డు ఖరాబున్నట్టు చూపెడ్తది, ఖరాబుది మంచిగున్నట్టు చూపెడ్తది" అనేవారు. మాకు అది మాటలతో ఎక్కదని ఆవిడకు తెలుసు. ఒక శనివారం మమ్మల్ని గదుల్లో ఎడమెడంగా కూర్చోబెట్టి, తలా ఇరవై కంటి ఫోటోలిచ్చి, జబ్బు ఎంత ముదిరిందో ఒకటి నుంచి ఐదు దాకా చీటీల మీద వేయమన్నారు. నా కట్టలో నాలుగోదీ, పదిహేడోదీ ఒకే ఫోటో. నాకా సంగతి తెలియదు. నాలుగోదానికి మూడు వేశాను, పదిహేడోదానికి ఒకటి. ఆవిడ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి, నా పదహారో ఫోటో తీసి చూపించారు. రక్తం నిండిన కన్ను. దాని తర్వాత ఏ కన్ను చూసినా బాగానే ఉన్నట్టుంటుంది.

"నువ్వు ఈ కన్ను చూడలే భాస్కర్. పోయిన కన్నును మనసుల వెట్టుకోని దీన్ని చూసినవ్."

అందుకే రిపోర్టులు పంపే ముందు ఆవిడ ఒక పని తప్పకుండా చేయించేవారు. వచ్చిన ఫోటోలన్నింటినీ ఒకసారి వరసగా, మళ్ళీ ఒకసారి చివర్నుంచి మొదటికి నడిపించాలి. రెండు జాబితాలూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఫంక్షన్ నిజంగా ఏదీ గుర్తుపెట్టుకోకపోతే వరస మారినా జవాబు మారదు. దీనికి ఆవిడ పెట్టిన పేరు ఉల్టా పరీక్ష. ఎన్నోసార్లు చేశాం, ఒక్కసారీ తేడా రాలేదు. తేడా రాని పరీక్ష మెల్లగా పూజ అయిపోతుంది. చేస్తూనే ఉంటాం, చేతులు మాత్రమే చేస్తుంటాయి.

ఇక నా తప్పు. పేరులోనే వెలుతురున్న వాణ్ణి, వెలుతురు దగ్గరే దెబ్బతిన్నాను. కొన్ని శిబిరాల కెమెరాలు ఫోటోలు మసకగా తీసేవి, కొన్ని మరీ తెల్లగా. అందుకని ఫంక్షన్‌లో రెండే రెండు లైన్లు చేర్చాను. ఇంతకుముందు చూసిన ఫోటోల వెలుతురును ఒక మూల దాచుకుని, కొత్త ఫోటోను దానికి తగ్గట్టు సరిచేసుకోమన్నాను. నా ల్యాప్‌టాప్‌లో ఒకే శిబిరం ఫోటోలు వరసగా వెళ్తాయి కనుక అద్భుతంగా పనిచేసింది. క్లౌడ్‌లో అలా కాదు. అక్కడి చిన్న కంప్యూటరు ఒక ఫోటో అయిపోగానే మాయమైపోదు. ఇంకో ఫోటో ఎదురుచూస్తుంటే దాన్నీ అందుకుంటుంది. అది ఏ శిబిరానిదైనా కావచ్చు. మూల దాచుకున్నది మాత్రం పాత శిబిరం వెలుతురే. అలా తప్పుగా సరిచేసిన ఫోటోలో సన్నటి చుక్కలు చీకట్లో కలిసిపోతాయి. ఈ సంగతి నాకు తెలియక కాదు, కొత్తగా చేరినవాళ్ళకు నేనే పాఠం చెప్పేవాణ్ణి. కానీ ఆ రెండు లైన్లూ క్యాలెండరు కాగితం వెనుక ఎంతో ముద్దుగా పట్టాయి.

అప్పుడు స్వరూప మేడమ్ ఊళ్ళో లేరు. కూతురి పురిటికని కరీంనగర్ వెళ్ళారు. మూడు శిబిరాల ఫోటోలు ఒకే రోజు వచ్చాయి. మా యజమాని కిశోర్ గారు తలుపు దగ్గర నిలబడి, "ఏవయ్యా, ఉల్టా అయిందా? ఐదింటికల్లా రిపోర్ట్స్ కావాలని శిబిరాల వాళ్ళు ఒకటే ఫోన్లు" అన్నారు.

"అయిందండీ" అన్నాను. కాలేదు. ఐదింటికి రిపోర్టులు వెళ్ళిపోయాయి.

పదహారు రోజుల తర్వాత, ఇంకేదో పని కోసం అవే ఫోటోలను వేరే వరసలో నడిపించాల్సి వచ్చింది. పదకొండు జవాబులు మారాయి. "ఏడాది తర్వాత రండి" అని పంపిన పదకొండు కళ్ళు ఇప్పుడు "వెంటనే" అంటున్నాయి. నేను చేసిన మొదటి పని స్క్రీన్ మూసేయడం. రెండో పని ఆ రెండు లైన్లూ తీసేయడం. వచ్చే శిబిరం నుంచి అంతా సరిగానే ఉంటుంది, ఎవరికీ తెలియదు. పైగా మరుసటి వారం ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు మా పని చూడడానికి వస్తున్నారు. మూడు రోజులు తిన్నాను, తిరిగాను, ఆఫీసులో జోకులు కూడా వేశాను. ఫంక్షన్‌కు మరపు నేర్పాను గానీ నాకు రాలేదు.

మేడమ్ ఊరి నుంచి వచ్చారని తెలిసి ఆదివారం పొద్దున సీతాఫల్‌మండిలో వాళ్ళింటికి వెళ్ళాను. ఇరుకు మెట్లెక్కి పైకి పోతే, డాబా మీద చింతపండు పోసుకుని గింజలు తీస్తున్నారు. "కూసో. చేతులు ఉత్తగ వెట్టుకోకు" అని కొంత నా ముందుకు తోశారు. గింజలు తీస్తూ చెప్పాను. చింతపండు వేళ్ళకు అంటుకున్నట్టు ప్రతి మాటా నోటికి అంటుకుంటూ వచ్చింది. ఉల్టా చేయకుండా చేశానని చెప్పిన సంగతి దగ్గర ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

"ఎంతమంది?"

"పదకొండు మేడమ్."

"ఫోటోలా, మనుషులా?"

నేను మనుషుల్ని లెక్కపెట్టలేదు. చేయి తుడుచుకుని ఫోనులో చూసి చెప్పాను. "తొమ్మిది మంది. ఇద్దరికి రెండు కళ్ళూ."

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"మూడు రోజులైంది."

"ఆ పదారు రోజులంటె తెల్వక పాయె. ఈ మూడు?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. చేతులు కడుక్కుని, "లే, ఆఫీసుకు పోదాం" అన్నారు.

ఆ మూడు శిబిరాల ఫోటోలన్నింటినీ శుభ్రమైన ఫంక్షన్‌తో మళ్ళీ నడిపించాం, ముందు వరసగా, తర్వాత ఉల్టా. రెండు జాబితాలూ కలిశాయి. అదే తొమ్మిది మంది. వెయ్యి కంప్యూటర్లు ఒకదాని సంగతి ఒకదానికి పట్టకుండా పనిచేస్తే మొత్తానికి పన్నెండు నిమిషాలు పట్టింది. నేనొక్కణ్ణి నోరు విప్పడానికి మూడు రోజులు పట్టింది.

మేడమ్ ఫోన్ చేస్తే కిశోర్ గారు వచ్చారు. విని, కుర్చీలో కూలబడ్డారు. "అయిందన్నావు కదయ్యా."

"అబద్ధం చెప్పానండీ."

ఆయన మేడమ్ వైపు తిరిగారు. "మేడమ్, ‘రివైజ్డ్ రిపోర్ట్’ అని పంపించేద్దాం. తప్పు జరిగిందని రాసిచ్చి వచ్చే వారం ఆ పెద్ద ఆసుపత్రి వాళ్ళ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాం?"

"రివైజ్డ్ అంటె మడత వెట్టి సంచిల వెట్టుకుంటరు సార్. తప్పయిందంటె లేసి దవాఖానకు పోతరు."

కిశోర్ గారు ఒక తెల్ల కాగితం మేడమ్ వైపు జరిపారు. "రాయండి" అన్నారు. తర్వాత నన్ను చూపించి, "మరి ఇతన్ని?" అని అడిగారు.

"తీసేసుడు మీ ఇష్టం. ఆ తొమ్మిది మందిని కలిసినంక తీసేయుండ్రి."

సాయంత్రానికి ఎనిమిది మంది ఫోనులో దొరికారు. తొమ్మిదో మనిషి నంబరు పనిచేయడం లేదు. పేరు అంజమ్మ, సీతాఫల్‌మండిలో చీరలకు ఫాల్స్ కుడుతుందని మాత్రం శిబిరం కాగితంలో ఉంది. మేడమ్, నేను ఇంటింటికీ అడుగుతూ తిరిగాం. ఒక సందు చివర, గడపలో, ఉన్న కాస్త వెలుతురు ఒళ్ళో పడేలా కూర్చుని కుడుతోంది. విషయం చెప్పబోతే ముందు లోపలికి వెళ్ళి, దేవుడి పటం వెనక నుంచి మా రిపోర్టు తీసుకొచ్చింది.

"మంచిగున్నదని రాసిచ్చిండ్రు గద బిడ్డా. ఏడాదికి రమ్మన్నరు."

"అది తప్పమ్మా. మీరు వెంటనే చూపించుకోవాలి."

"కంప్యూటర్ల వచ్చిందన్నరు. కంప్యూటర్ తప్పు జేస్తదా?"

అవును అనడం ఎంత తేలికో. దేశంలో సగం ఆఫీసులు ఆ ఒక్క మాట మీదే నడుస్తున్నాయి. మేడమ్ నా వైపు చూడలేదు. అంజమ్మ ఒళ్ళోని చీర కొస పట్టుకుని కుట్టు చూస్తున్నారు.

"కంప్యూటర్ కాదమ్మా. నేను రాసినదాంట్లో తప్పుంది. సరిచూడకుండానే చూశానని చెప్పాను."

అంజమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా?" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. సూది మళ్ళీ అందుకుని, "జెర ఆగుండ్రి, ఈ అంచు రేపు పొద్దుగాల ఇయ్యాలె" అంది.

"ఇచ్చినంకనే పోదాం అక్కా. ఎనిమిదింటికి నేనొస్త, తయారుండు" అన్నారు మేడమ్.

అంజమ్మ కుడి కన్ను లేజర్‌తో నిలిచింది. ఎడమ కన్ను నడిమధ్యలో చూపు అప్పటికే పోయింది. పంతొమ్మిది రోజుల ముందు వచ్చి ఉంటే దక్కేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నారు. ఆసుపత్రి మెట్లు దిగుతూ, ఓదార్పు దొరుకుతుందేమోనని మేడమ్‌ను కదిపాను. "ఆ రోజే తెలిసినా అంతేనేమో కదా మేడమ్."

"ఏమో. నాకు తెల్వది, నీకు తెల్వది. తెల్వని జాగను నీకు అక్కెరున్నట్టు నింపుకోకు."

ఆవిడ నాకు నేర్పిన పాఠాలన్నింటిలో కష్టమైనది అదే. ఆ తర్వాత ఎన్నోసార్లు, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, రైలు కోసం నిలబడి, ఆ జాగాను నింపబోయాను. ఎప్పటికప్పుడు ఖాళీగానే వదిలేస్తున్నాను. ఆ పెద్ద ఆసుపత్రి వాళ్ళు మాకు పని ఇవ్వలేదు. కిశోర్ గారు నన్ను తీసేయలేదు గానీ, చాలాకాలం అవసరమైనంత వరకే మాట్లాడారు. ఇప్పుడు ఆ ఆఫీసులో పరీక్షల బాధ్యత నాది.

నాలుగు నెలలకోసారి అంజమ్మను కంటి పరీక్షకు మేడమే తీసుకెళ్ళేవారు. రెండేళ్ళ క్రితం గుండెపోటుతో, ఎవరికీ ఏదీ అప్పగించకుండా ఆవిడ వెళ్ళిపోయారు. మళ్ళీ పరీక్ష నెల వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి నేను అంజమ్మ గడప ముందు నిలబడ్డాను. ఆమె చెప్పులు వేసుకుని, గడియపెట్టి, సిద్ధంగా కూర్చుని ఉంది.

"ఎవరొస్తారని కూర్చున్నారమ్మా?" అని అడిగాను.

"ఎవరో ఒకరు రావాలె గద" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో చీరలకు ఫాల్స్ అంజమ్మే కుడుతోంది. ఒకసారి మా ఆవిడ చీర విప్పి చూపించి, "ఈ కొసలో కుట్టు పక్కకు పోయింది చూడండి, విప్పించి వేరేవాళ్ళతో కుట్టించనా?" అని అడిగింది. ఎందుకు పోయిందో చెప్పాను. మా ఆవిడ చీర మడిచి బీరువాలో పెట్టింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చీరల సంచి మోసుకెళ్ళడం, తేవడం నా పని అయింది. ఇంటికి తెచ్చాక, ఎవరూ చూడకుండా, కొత్త చీర కొసనూ పోయినసారి చీర కొసనూ పక్కపక్కన పరిచి కుట్టు వెంట వేలు పోనిస్తాను. ఫంక్షన్ ఇలా ఇదివరకటి దాన్ని గుర్తుపెట్టుకుని పోల్చకూడదు. నేను పోల్చాలి. కుట్టు ఇంకో గింజంత పక్కకు జరిగితే, నాలుగు నెలలు ఆగకుండా మర్నాడే ఆమెను తీసుకెళ్ళాలి. పోయిన వారం తెచ్చిన చీరలో జరగలేదు.